తోమాసు మడిచిన కాగితం

కొత్వాల్‌గూడ తోమాసు ముప్పై ఏళ్లు చమురు బావుల దగ్గర పనిచేశాడు. బురద వాసన చూసి లోతు చెప్పేవాడని, ఒకసారి రెండు మీటర్లు తప్పితే మూడు రోజులు అన్నం మానేశాడని పక్కింటి ముసలివాణ్ణి, నేనే ఊరంతా చెప్పాను. మానేసింది అన్నం కాదు, చుట్ట. అదీ ఒక్కపూటే.

2009లో మోకాళ్లు పాడై, శంషాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాడు. బావి తవ్వినప్పుడు లోపలి పొరలను కొలిచి గీసిన పొడవాటి కాగితాలు అక్కడికి వచ్చేవి. వాటిలో లోతు మీటర్లలో ఉంటుంది. నేలను అదరగొట్టి తీసిన ప్రతిధ్వనుల పటంలో మాత్రం అవి తిరిగి రావడానికి పట్టిన సమయమే ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ ప్రతిధ్వని ఏ పొరదో తేల్చడం తోమాసు పని. పొర మందంగా ఉంటే ఎవరైనా చెబుతారు. చమురు ఉండే ఇసుక పొర ఆరు మీటర్లే అయితే పై అంచు, కింది అంచు కలిసి ఒకే గీతగా కనిపిస్తాయి. అక్కడ బావి కాగితమే దిక్కు.

ఆ కాగితం స్కానరులో పట్టదు. అందుకని తోమాసు దాని పైభాగాన్ని చీర కుచ్చిళ్లలా వెనక్కి మడిచేవాడు. 2012 వేసవిలో ఒక పాత బావి కాగితాన్నీ అలాగే మడిచాడు. లెక్క కట్టి పంపేశాక, బీరువాలో పెట్టబోతూ మడత విప్పాడు. కొలత మొదలైంది నేల నుంచి కాదు, తొమ్మిది మీటర్ల ఎత్తున్న, బావి తవ్వే రిగ్గు వేదిక నుంచి అని అక్కడ రాసి ఉంది. అంటే అతను చూపించిన చోటికి తొమ్మిది మీటర్ల పైన ఉంది ఇసుక. అతని లెక్క ప్రకారం తవ్వుతున్న కొత్త బావి ఆ తప్పు లోతుకు దిగి, పొర వెంబడి అడ్డంగా పోవాలి.

మేనేజరు మల్లేశ్వర్ దగ్గరికి కాగితం పట్టుకుపోయాడు.

"సార్, తప్పు నాదే. జర ఫోన్ చేసి ఆపమని చెప్పుండ్రి. ఇంకా పొర దాకా పోలే."

"తోమాసన్నా, పని షురూ అయ్యి నాలుగు దినాలు. ఇగ ఆపమంటే మనకు మళ్ల పని ఎవలిస్తరు?"

"బంకమట్టిలకు పోతది సార్."

"పోనీ. నీకు యాభై ఆరేండ్లు. ఈ ఆఫీసు పోతే గా మోకాళ్లతోని ఏడికి పోతవ్? ఎయిర్‌పోర్టుల ట్రాలీలు తోస్తవా?"

ఇంట్లో భార్య యేసమ్మ అతని ముందర పళ్లెం పెట్టి, "ఏందయ్యా, ఆఫీసోళ్లు నీ నోరు గూడ మడిచి పెట్టుకున్నరా?" అంది. ఆమెకు చెప్పలేదు. ఆదివారం చర్చి బయట నాకు చెప్పాడు.

"రిగ్గు వాళ్ల నెంబరు నీ దగ్గర లేదా?" అని అడిగాను.

"ఉంది బాపు," అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు వందల మీటర్లు అడ్డంగా తవ్వారు. అంతా బంకమట్టే. బావి తవ్వించిన కంపెనీ వాళ్లు కారణం రాసి పంపమన్నారు. ఇసుక పొర అక్కడికి చేరకముందే సన్నబడి ముగిసిపోయిందని, మల్లేశ్వర్ చెప్పినట్టే తోమాసు రాసి సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్లుగా తెలిసిన పేరు కదా, ఎవరూ మారుమాట అడగలేదు. పటంలో ఆ మేర, ఇసుక లేదని, తెల్లగా వదిలేశారు.

2014లో దాని పక్కన ఇంకో బావికి లెక్క కట్టే పని అతనికే వచ్చింది. ఇసుక గీతను ఆ తెల్లచోటు అంచు దాకా తెచ్చి, ఇసుక అవతలికీ ఉందని తెలిసీ అక్కడ తన చేత్తోనే ఆపేశాడు.