నీళ్ళు తాగిన వాచీ

2003 ఏప్రిల్‌లో నేను కర్నూలులో అసిస్టెంట్ జియాలజిస్టుగా ఉన్నాను. భూమిలో నీళ్ళు ఎక్కడున్నాయో చూసి చెప్పడం, పడిన బోరులో ఆ నీళ్ళు నిలుస్తాయో లేదో కొలిచి చెప్పడం మా పని. మొదటి పనికి జనం మెడలో దండలు వేస్తారు. రెండో పనికి ఒక్కోసారి మొహం చాటేస్తారు. ఇక్కడ రాస్తున్నది రెండో పని గురించి.

కోడుమూరు అవతల ఒక పల్లె. పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు. అక్కడ కొత్తగా వేసిన బోరుకు నీళ్ళు పడ్డాయి. దానికి పెద్ద మోటారు బిగించి, ట్యాంకు కట్టి, వీధివీధికీ కుళాయిలు ఇవ్వాలా, లేక చేతిపంపుతో సరిపెట్టాలా అన్నది నా రిపోర్టును బట్టి తేలుతుంది. ఎండాకాలంలో బిందెడు నీళ్ళకు మైలున్నర నడిచే ఊరు అది.

పరీక్ష ఇలా జరుగుతుంది. తాత్కాలికంగా ఒక మోటారు దించి మూడు గంటలు ఆపకుండా నీళ్ళు తోడతాం. వచ్చే నీటిని మధ్యమధ్య డ్రమ్ముకు పట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకుంటాం. తర్వాత మోటారు ఆపి, లోపల తగ్గిన నీటిమట్టం ఎంత వేగంగా పైకొస్తుందో టేపుతో కొలుస్తాం. దీన్ని రికవరీ అంటాం. బోరు ఎంత ఇచ్చిందన్నది పైపైన కనిపించే సంగతి. ఇచ్చినదాన్ని ఎంతసేపట్లో తిరిగి నింపుకుందన్నది అసలు సంగతి. మూడు గంటలు తోడితే ఇంచుమించు మూడు గంటల్లో నిండాలని మేం చూసేవాళ్ళం. కాబట్టి ఈ పనికి టేపు ఎంత ముఖ్యమో గడియారమూ అంతే ముఖ్యం.

నియమం ప్రకారం స్టాప్‌వాచీ వాడాలి. ఆ రోజు దాన్ని ఆత్మకూరు వెళ్ళిన జట్టు తీసుకుపోయింది. నేను అడ్డు చెప్పలేదు సరికదా, నా వాచీ ఉండగా అదెందుకని గొప్పలు పోయాను. ఎమ్మెస్సీ పాసైనప్పుడు మా అక్క కొనిచ్చిన వాచీ అది. చావి ఇచ్చే రకం. పొద్దున లేచి పళ్ళు తోముకోకముందే దానికి చావి ఇచ్చేవాణ్ణి. ఆఫీసులో గోడ గడియారం ఆగితే నా వాచీ చూసి సరిచేసేవాళ్ళు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది నాకు కాస్త తలకెక్కింది.

బోరు దగ్గర నాకు సాయంగా మస్తానప్ప అనే అతన్ని సర్పంచి పెట్టాడు. నలభై ఏళ్ళ మనిషి. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. ఊళ్ళోకి రెడీమేడ్ పరుపులు వచ్చాక పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ట్యాంకు వస్తే మోటారు వేసే పని అతనికే ఇస్తామని సర్పంచి అందరి ముందూ మాటిచ్చాడు. పైపులు దించుతున్నంతసేపూ మస్తానప్ప నన్ను అదే అడిగాడు.

"ట్యాంకు వస్తాది గదా సార్?"

కొలిస్తే గదా తెలిసేది అన్నాను.

ఎనిమిదింటికి మోటారు వేశాం. పదకొండు కావస్తుండగా ఆఖరి డ్రమ్ము పడుతున్నాం. పైపు మూతికి బిగించిన క్లిప్పు ఊడిపోయి, నీళ్ళు ధారగా వచ్చి నా ఎడమచేతి మీదే పడ్డాయి. చేయి వెనక్కి లాక్కునేలోపల మోచేతి దాకా తడిసిపోయాను. జేబురుమాలుతో వాచీ తుడిచి చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కుమంటూనే ఉంది. అద్దం లోపల ఒక మూల మాత్రం సన్నగా ఆవిరి పట్టింది. ఈ ఎండకు అదే ఆరిపోతుందిలే అనుకున్నాను. నీళ్ళ కోసం ఇన్నేళ్ళు ఈ సీమంతా తిరిగితే వాచీ తడవడం అదే మొదటిసారి.

మోటారు ఆపి రికవరీ మొదలుపెట్టాం. మస్తానప్ప టేపు దించుతున్నాడు, నేను టైము చూసి రాసుకుంటున్నాను. అంకెలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. నా వాచీలో పన్నెండూ ఇరవై అయినప్పుడు ఊళ్ళో మసీదు నుంచి నమాజుకు పిలిచే బాంగు వినిపించింది. మస్తానప్ప తలెత్తాడు.

"సార్, బాంగు ఇస్తాండారు. మా మసీదులో ఒంటిగంటకే ఇచ్చేది. మీ వాచీ ఎనకబడినట్టుండాది, ఒకతూరి సూడండి."

నేను వాచీ చూడలేదు, అతని మొహం చూశాను. ఇన్నేళ్ళలో ఇది ఒక్క నిమిషం తప్పలేదప్పా, మీ మసీదు గడియారమే ముందుకు పోయుంటుందని కసురుకున్నాను. "అట్లనే సార్" అని అతను మళ్ళీ టేపు అందుకున్నాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

నా వాచీలో రెండయ్యేసరికి బోరు ఇంచుమించు నిండింది. ఈ బోరుకు మోటారు పెట్టవచ్చని సర్పంచితో నోటిమాటగా చెప్పాను. చెప్పకూడదు. రిపోర్టు రాసేదాకా నోరు విప్పకూడదన్నది మాకు మొదటి పాఠం. నా మాటకు అప్పటికప్పుడు బెల్లం తెప్పించి పంచారు. మస్తానప్ప చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. అతను దాన్ని నోట్లో వేసుకోకుండా పట్టుకునే ఉన్నాడు. ఎండకు అది కరిగి వేళ్ళకు అంటుకుంటోంది. నాకది అప్పుడు వింతగా తోచలేదు.

కోడుమూరు బస్టాండుకు చేరి మూడున్నర బస్సు కోసం నిలబడ్డాను. నా వాచీలో మూడే అయింది. ఎంతసేపటికీ బస్సు రాకపోతే టీ అంగడి ఆయన్ను అడిగాను.

"మూడున్నర బస్సా? అది పోయి శానాసేపు అయ్యె గదప్పా. ఇప్పుడు అయిదు దాటె."

నాకు తల కొట్టేసినట్టయింది. బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు తీశాను. వాచీకీ ఆయన చెప్పిన టైముకూ ఉన్న తేడాతో లెక్కవేస్తే, నేను మూడు గంటలని రాసుకున్నది నిజానికి సుమారు నాలుగున్నర గంటలు. నీళ్ళు నిదానంగా వచ్చాయి. గడియారం అంతకంటే నిదానంగా నడవడం వల్ల బలహీనమైన బోరు నాకు బలమైనదిగా కనిపించింది. అది ఎక్కడెక్కడ ఆగి నడిచిందో ఎవరికి తెలుసు? అంకెలు సరిదిద్దే దారి కూడా లేదు.

రిపోర్టు అలాగే పంపితే అడిగేవాడు లేడు. ట్యాంకు వచ్చేది, నాకు దండలు పడేవి. రెండో వేసవికి మోటారు గాలి పీల్చేది. అప్పటికి నాకు ఎటో బదిలీ అయ్యుండేది. బస్సులో కూర్చుని ఇదంతా ఆలోచించలేదని చెబితే అబద్ధం. మర్నాడు డిప్యూటీ డైరెక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పరీక్ష రద్దు చేసి, కారణం నన్నే రాయమన్నారు. "గడియారంలో నీరు చేరినందున కొలతలు చెల్లవు" అని రాసి సంతకం పెట్టాను. అక్క ఇచ్చిన వాచీ గురించి ప్రభుత్వ కాగితం మీద ఆ మాట రాయాల్సి వచ్చినందుకు సిగ్గుపడ్డాను.

పది రోజుల తర్వాత స్టాప్‌వాచీతో మళ్ళీ పరీక్ష చేశాం. బోరు నిండడానికి అయిదు గంటలు పట్టింది. చేతిపంపుకు మించి పనికిరాదని రాశాను. సర్పంచి మండిపడ్డాడు.

"బెల్లం తినిపోయి ఇప్పుడు ఇట్ల చెప్తే ఎట్లప్పా?"



సామాను సర్దుతూ మస్తానప్పను అడిగాను, ఆ రోజే నీకు తెలుసా అని.

"తెలుసు సార్. బాయిల్లో నీళ్ళు ఊరేది చిన్నప్పటి నుంచి సూస్తాండా. ఆ పొద్దు శానా నిదానంగా వస్తాండె."

మరి మళ్ళీ ఎందుకు చెప్పలేదన్నాను.

"ఒకతూరి చెప్పితి గదా సార్. రెండోతూరి చెప్పనీకి నోరు రాలేదు. నా పని పోతాది గదా."

అతను దాచుకోకుండా చెప్పాడు. తల దించుకోవాల్సింది నేను.

కర్నూలులో వాచీ విప్పి చూసినాయన, వెనక మూతకుండే రబ్బరు ఎప్పుడో అరిగిపోయిందని, చాలా ఏళ్ళ కిందటే మార్చాల్సిందని చెప్పాడు. తప్పుపట్టలేని వాచీ అనుకుని నేనెన్నడూ విప్పించలేదు. ఇప్పుడు బాగానే నడుస్తోంది. పెళ్ళిళ్ళకు పెట్టుకుంటాను. తడిసిన సంగతి అక్కకు ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ ఊరికి మూడేళ్ళ తర్వాత వేరే బోరు నుంచి ట్యాంకు వచ్చింది. అప్పటికి సర్పంచి మారాడు, మోటారు వేసే పని ఇంకెవరికో ఇచ్చారు. మస్తానప్ప కర్నూలులో ఒక పరుపుల అంగట్లో కుదిరాడని విన్నాను.

ఆ రోజు బోరు దగ్గర ఊరి జనం చాలామందే ఉన్నారు. బాంగు అందరికీ వినిపించింది. నా వాచీ వెనకబడిందని చెబితే చేతికందే ఉద్యోగం పోయేది మస్తానప్పకు ఒక్కడికే. చెప్పిందీ అతనొక్కడే. ఆ తర్వాత సర్వీసులో నా కొలత తప్పని ఎవరన్నా అంటే, ఆ మాట వల్ల ఆ మనిషికి ఏం పోతుందో ముందు చూసేవాణ్ణి. ఏదైనా పోయేటట్టుంటే ఎదురుమాట్లాడకుండా పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టేవాణ్ణి.