పోస్టుకార్డు కింద ఒక్కో వరుస

మా ఫిజిక్స్ సార్ ఆసుపత్రిలో పోయారని పత్తికొండ టమాటా మార్కెట్ నుంచి మా నాయన ఫోన్ చేసి చెప్పాడు. "సోమవారం పరీక్షకు పోతావు గదా?" అని అడిగాడు. డిగ్రీ మొదటి ఏడాది ఫిజిక్స్ ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే చదువు మానిపించాలని ఇంట్లో అనుకున్నారు. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే.

సార్ మా వీధిలోనే ఉండేవారు, రిటైరైన లెక్చరరు. పరీక్ష తప్పాక ఆయన దగ్గరికి వెళ్లాను. మొదటిరోజే నేను చేసిన లెక్క చూపించాను. బావిలో వదిలిన రాయి రెండు సెకన్లకు నీళ్లను తాకితే లోతెంత? నా జవాబు నూట తొంభై ఆరు మీటర్లు.

"ఏమ్మా, ఈ బావి యాడుండాది? మీ నాయన శానా బావులు తవ్వినాడు గదా, ఇంత లోతుది చూసినాడా?"

"గైడులో అట్లే ఉండాది సార్."

"గైడు బావిలోకి దిగిందా?"

అసలు జవాబు 19.6; పంతొమ్మిది పక్కన పడాల్సిన చుక్క గైడు అచ్చులో పడలేదు. ఆ తప్పును కూడా నేను బట్టీపట్టాను. సార్ పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

గైడు పారేయమంటారనుకున్నాను. అనలేదు. పాఠం చదివించి, అందులో చేసి చూపిన లెక్కను మూసేసి నన్నే చేయమనేవారు. తర్వాత కొత్త లెక్క. ముందు బొమ్మ గీయాలి, జవాబు సుమారుగా ఎంతుంటుందో చెప్పాలి. ఎంత తన్నుకున్నా సాగకపోతే గైడు తెరిచి, జవాబు మీద పోస్టుకార్డు పెట్టి, ఒక్క వరుస వరకే కిందికి జరిపేవారు.

"నువ్వు యాడ ఆగినావో నీకు తెలిసినాకే గైడు చూడల్ల," అనేవారు. చూసి చేసిన లెక్కను మరుసటిరోజు చూడకుండా మళ్లీ చేయాలి.

"ఇట్లైతే పుస్తకం ఎప్పటికైతాది సార్?" అని విసుక్కునేదాన్ని.

"పోయినసారి బిరబిరా అయిపోగొట్టినావు గదమ్మా, ఏమాయె?"

నిన్న వాళ్లింటికి వెళ్తే, సార్ భార్య ఆయన గైడు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకియ్యమన్నాడమ్మా," అన్నారు. పరీక్షకు ఇంకా మూడు రోజులే. అక్కడే నిలబడి పేజీలు తిప్పాను. తిరిగే చక్రాల లెక్క ఒకటి నాకు వారంగా తేలడం లేదు. ఆ పేజీలో అచ్చయిన జవాబు పక్కన సార్ పెన్సిలుతో రాసిన ఐదు వరుసలున్నాయి. ఐదూ ఆయనే కొట్టేశారు; ఆయనకూ తేలలేదన్నమాట. ఆరో వరుసలో సమానం గుర్తు వేసి ఆపేశారు. దాని పక్కన కాగితం ఖాళీగా ఉంది.