హనోకు కాక జొన్నకంకి

నారాయణఖేడ్‌లో చెక్కపని చేసే హనోకు కాకకు కుడిచేతికి మూడు వేళ్లే. మిగతా రెండూ ఆరేళ్ల కింద చెక్క కోసే మిషన్‌లో పోయాయి. దాని రేకు మూత పనికి అడ్డమొస్తోందని విప్పి పక్కన పెట్టింది ఆయనే. దవాఖాన నుంచి వచ్చాక ఉలి పట్టలేక, తలుపులకు రంగులేసి బతికాడు. పోయినేడు చిన్న సీఎన్‌సీ యంత్రం తెప్పించాడు. కంప్యూటర్లో బొమ్మ పెడితే చెక్క మీద అదే చెక్కుతుంది. యాభై దాటిన మనిషి, మౌస్ పట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడు. నేను కాలేజీ వదిలేసి బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసుకునేవాణ్ని.

శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఇమ్మానుయేలూ, జల్దీ రా. మూత ఏసే ఉంది. మిషనేమో తెరిసి ఉందంటుంది."

తెల్లారితే చర్చిలో కోత పండుగ. పాస్టర్ నిలబడే పీఠానికి టేకుపలక చెక్కే పని కాకకు ఇచ్చారు. వేళ్లు పోయాక చర్చి ఆయనకిచ్చిన మొదటి పని అది. అందరూ ద్రాక్షగుత్తి అడుగుతారు, ఆయన జొన్నకంకి వేశాడు. సగం కంకి దగ్గర యంత్రం ఆగిపోయింది. సాయంత్రానికి కాకపోతే ఫ్లెక్సీ కట్టేస్తామని సంఘపెద్ద దేవానందం చెప్పేశాడు.

ఆ యంత్రం మూతలో చిన్న అయస్కాంతం, కింద ఇనుప చట్రంలో సెన్సార్ ఉంటాయి. మూత మూస్తే సెన్సార్‌కు తెలుస్తుంది, యంత్రం నడుస్తుంది. దుమ్ము తుడిచాను, వైర్లు లాగి చూశాను. సెన్సార్ విప్పి బల్ల మీదికి తెచ్చి వేరే అయస్కాంతం పెడితే దాని లైటు వెలిగింది. బతికే ఉంది. తిరిగి బిగిస్తే మళ్లీ అదే మాట, మూత తెరిచి ఉంది.

మధ్యాహ్నమైంది. నాకు ఓపిక తక్కువ. కాక చాయ్‌కి పోగానే సెన్సార్‌ను తప్పించి వైర్లు కలిపేశాను. యంత్రం గిర్రున లేచింది. మూత ఎత్తి పెట్టి చూస్తూ నిలబడ్డాను. లోపలికొచ్చిన కాక, చేతుల్లో గ్లాసులుండగానే మోచేత్తో యంత్రం ఆపే ఎర్ర బటన్ కొట్టాడు. చాయ్ నా చొక్కా మీద పడింది.

"తియ్."

"కాకా, గీ ఒక్క పూటకే."

"నేను సుత ఒక్క పూటకే అనుకున్న." మూడు వేళ్లు నా ముక్కు ముందు పెట్టాడు. "ఫ్లెక్సీ కట్టుకుంటె కట్టుకోనీ. తియ్ ర."

తీశాను, లోపల తిట్టుకుంటూనే.

అప్పుడే ఆయన భార్య సాలమ్మ రొట్టెలు తెచ్చింది. కిటికీ పరదా ఊడిందని, మేకు కోసం యంత్రం చట్రానికి అంటుకుని ఉన్న మేకుల ముద్దను లాగింది. తెరమీద మూత తెరిచి ఉందన్న ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి.

నేను స్టూలు మీంచి లేచాను. "చిన్నమ్మా, కదలకు. గది మల్ల అక్కడనే పెట్టు."

పెట్టింది. ఎర్ర అక్షరాలొచ్చాయి. తీసింది. పోయాయి.

ముద్ద లోపలున్నది చర్చిలో పగిలిన పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం. కింద రాలిన మేకులన్నీ కాక దానికే అంటిస్తాడు. పొద్దుటి నుంచి నా స్క్రూడ్రైవర్ కూడా దానికే తగిలిస్తున్నాను.

"నిన్న ఊడుస్తుంటె కాలికి తాకింది, ఆడ అంటేసిన," అంది సాలమ్మ. "ఏంది, గంత పెద్ద చదువు చదివి గిది కండ్లవడలేదా నీకు?"

"చదువు సగమే కద చిన్నమ్మా."

కాక పడీపడీ నవ్వాడు. చిన్న అయస్కాంతం బలాన్ని పెద్దది తొక్కేస్తోందని చెప్పాను. ఆ ఊపులో దాన్ని తిరగేసి అంటించాను. ఈసారి మూత బార్లా తెరిచినా మూసే ఉందంటోంది యంత్రం. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కాక నవ్వు మాత్రం ఆగిపోయింది.

"అంటె మూత తెరిసున్నా తిరుగుతదా?"

"తిరుగుతది."

ఆయన అయస్కాంతాన్ని పీకి, బయటికెళ్లి ఇనుప గేటుకు అంటించి వచ్చాడు.

"ప్రతి మేకుకు గేటుదాంక పోతవా?" అంది సాలమ్మ.

"పోత. కాళ్లు రెండూ ఉన్నయి."

మూత మూసి నడిపించాం. అద్దంలోంచి చూస్తే గింజ వెనక గింజ తేలుతోంది. మూత ఎత్తి దగ్గరగా చూడాలని చేతులు దురద పెట్టాయి. కాక మూడు వేళ్లూ మూత మీద ఆనించి నిలబడ్డాడు.

"ఆగు," అన్నాడు.

బయట ఇంకా ఎండ ఉండగానే చివరి గింజ అయింది. యంత్రం చప్పుడు పూర్తిగా పోయాకే ఆయన మూత ఎత్తాడు. చెక్క రజను ఊది, ఫోన్ తీశాడు.

"దేవానందం, ఫ్లెక్సీ వద్దని చెప్పు."