తాళం వేసిన ఫోనూ, మొఘల్‌పురాలో పెట్టె

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పాతబస్తీలో ఒక టెలిఫోను ఆఫీసు బిల్లింగ్ సెక్షన్లో కంప్యూటర్లు చూసేదాన్ని. మాది గోదావరి జిల్లా, నోరు కాస్త ఎక్కువ. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారన్న రికార్డంతా ఒక్క డిస్కులో ఉండేది. అది పోతే ఆ నెల బిల్లులు లేనట్టే. రోజూ సాయంత్రం దాని కాపీ వేరే భవనంలోని వేరే సర్వర్లోకి వెళ్ళాలని ఆరు నెలలు పైవాళ్ళ ప్రాణం తీశాను. చివరికి మొఘల్‌పురాలో మా డిపార్టుమెంటుదే ఒక పాత గదికి ఏసీ, ఫోనూ పెట్టించి, స్టోరేజ్ సర్వర్ దింపించాను. మూడు నెలల ట్రయల్. పనికొస్తే ఉంటుంది, లేకపోతే వెనక్కి పోతుంది. వెనక్కి పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మా సెక్షన్ పెద్దాయనకు ఆ సర్వరంటే గిట్టేది కాదు. శాలిబండలో మూడు తరాలుగా పాల వ్యాపారం చేసిన ఇంటి మనిషి ఆయన. ఇంట్లో ఈ ఉద్యోగం చేసింది ఆయనొక్కరే.

"మనమేమో గీడ, నీ పెట్టె ఏమో మొఘల్‌పురాల. గదేం లెక్క బిడ్డా? దాన్ని ఎవరు సూస్తరు?" అని రోజుకోసారి తగులుకునేవారు.

ఆయన నమ్మేది తన జేబులోని చిన్న నోట్‌బుక్కునే. ఇంటి ఫోనుకు తాళం వేసి, తాళంచెవి కూడా అదే జేబులో వేసుకుని ఆఫీసుకు వచ్చేవారు. తను చేసిన ప్రతి కాల్‌కూ తేదీ, టైము, ఎవరికి చేశారో రాసుకుని, బిల్లు రాగానే పక్కన టిక్కులు పెట్టుకునేవారు. మా ఆఫీసు బిల్లును మా ఆఫీసు మనిషే నమ్మడం లేదని నేను ఏడిపించేదాన్ని.

ట్రయల్ ఇంకో వారంలో అయిపోతుందనగా ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే మా డిస్కు చచ్చి ఉంది. నిజం చెప్పొద్దూ, భయం వేసింది. సిగ్గులేకుండా సంతోషం కూడా వేసింది. ఇంతకంటే మంచి పరీక్ష నాకెవరు పెడతారు? కొత్త డిస్కు బిగించి మొఘల్‌పురా నుంచి కాపీ వెనక్కి తెప్పించడం మొదలుపెట్టాను. నాలుగు గంటలు పట్టింది. అంతసేపూ నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

"వచ్చేసిందండీ!" అని నేను పెట్టిన కేకకు కౌంటరు దగ్గర లైన్లో ఉన్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

పెద్దాయన మాత్రం కదల్లేదు. "వస్తే అయిపాయెనా? సరిగ్గ రావద్దా?" అని జేబులోంచి నోట్‌బుక్ తీశారు. "వేరేటోళ్ళ కాల్స్ మనం సూడొద్దు. నా ఇంటి నంబర్ కొట్టు. ఒక్క కాల్ తక్కువున్నా నీ పెట్టె వాపస్. కాయితం మీద నేనే రాసిస్త."

మా ఎక్స్ఛేంజీలో అప్పటికి లోకల్ కాల్స్ కూడా విడివిడిగా రికార్డయ్యేవి. ఆయన చదవడం, నేను తెర మీద వెతకడం. బావమరిదికి చేసింది, ఉంది. దాణా కొట్టుకు చేసింది, ఉంది. వరంగల్‌లో కూతురికి, ఉంది. సెక్షనంతా మా వెనక చేరింది. నేను "ఉంది" అన్నప్పుడల్లా క్రికెట్ చూస్తున్నట్టు కేకలు. నోట్‌బుక్ ఆఖరి వరుస దాకా ఒక్కటీ తగ్గలేదు. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

అప్పుడు చూశాను. తెర మీద ఇంకా పదకొండు కాల్స్ మిగిలి ఉన్నాయి. నోట్‌బుక్‌లో అవి లేవు. కాపీ తప్పుగా వచ్చిందేమోనని మళ్ళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సాలు తియ్ బిడ్డా, అంత సరిగ్గనే ఉన్నది. బంద్ చెయ్," అన్నారు పెద్దాయన ఉన్నట్టుండి.

నేను వింటేనా? పదకొండూ ఒకే నంబరుకు వెళ్ళాయి. అన్నీ ఆదివారాలూ సెలవు రోజులే. ఆ నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అది మొఘల్‌పురాలో సర్వర్ గది నంబరు. ఇంటి ఫోనుకేమో తాళం, తాళంచెవేమో ఈయన జేబులో. తలెత్తి చూస్తే ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు.

"సార్, మీరేనా?"

"మరి ఐతారం నువ్వు రావు. కరెంటు పోయి ఏసీ బంద్ అయితే ఖరాబ్ కాదా? ఏసీ నడుస్తున్నదా అని ఆడున్న వాచ్‌మన్ భాయ్‌ని అడిగిన. గంతే."

"మరి నోట్‌బుక్‌లో రాసుకోలేదేమండీ?"

"రాస్తే నువ్వు సూస్తవని."

సెక్షనంతా పడీపడీ నవ్వింది. నాకైతే నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. ఈ మూడు నెలలూ ఆ సర్వర్‌కు నేనొక్కదాన్నే దిక్కనుకున్నాను. ఎంత పొగరో నాకు! ఆయనంటే అప్పుడు వచ్చిన ఇష్టం మళ్ళీ తగ్గలేదు.

ఆయన మాత్రం నవ్వలేదు. పెన్ను తీసి, తెర మీద తేదీలూ టైములూ చూసుకుంటూ పదకొండు కాల్స్‌నూ నోట్‌బుక్‌లో వరుసగా ఎక్కించుకున్నారు. భుజం మీదుగా తొంగిచూశాను. ఎవరికి చేశారో రాసే చోట పదకొండు సార్లూ "మన పెట్టె" అని రాశారు.