తెర వెనుక తూకపురాయి

బ్యూనస్ ఎయిర్స్‌లోని పార్కే పత్రిసియోస్ పేటలో ఎవరిస్తో బాల్బి గారిల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా కాస్త నుదురు చిట్లించేవారేమో గాని, "చెవి ఎక్కడుంటాడు?" అని అడిగితే మాత్రం బంతులాట క్లబ్బు వెనకగది వెంటనే చూపించేవారు. ఆ బిరుదు సభ చేసి ఇచ్చింది కాదు. జీవితమంతా సిటీబస్సు నడిపి, పెన్షను పుచ్చుకొని, ఇంటినిండా పాత రాక్ రికార్డులు పేర్చుకొన్న ఆ మనిషి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని, కళ్ళు మూసుకొని, పాట అందుకొందో లేదో "ఇది తొలి అచ్చు", "ఇది మలి అచ్చు" అని తేల్చి చెబుతూ వచ్చినందువల్ల అంటుకొన్న పేరు.

ఆ గదిలో ఆట తీరు ఇది. ఒకే ఆల్బమ్‌కు రెండు ప్రతులు తెస్తారు. ఒకటి ఆ కాలంలోనే అచ్చయినది. రెండవది, పాత టేపును ఇప్పటి యంత్రాలతో కడిగి తీర్చి, మళ్ళీ అచ్చువేసినది. రికార్డుప్లేయరు తెర వెనుక ఉంటుంది. మాంసం కొట్టు పచానో తెర వెనుక నిలబడి ఒకదాని తరువాత ఒకటి వేస్తాడు. ఏది ఏదో పోల్చలేక తప్పినవారు రేకు పళ్ళెం పట్టుకొని, రోడ్డు దాటి, ఎదుటి కొట్లోంచి అందరికీ పిండిలో మాంసమో కూరో పెట్టి కాల్చిన వేడి ఎంపనాదాలు మోసుకురావాలి. అందుచేత ఆ గదిలో ఫలానావాడు ఓడిపోయాడని అనరు. పళ్ళెం ఎత్తాడని అంటారు. కుట్టుపని మానుకొన్న ఎల్బా, మోకాలి నొప్పితోనే, వానలో కూడా ఎన్నోమార్లు పళ్ళెం ఎత్తింది. చెవిగారు ఒక్కనాడూ ఎత్తలేదు.

అయితే ఆ విజయాల అడుగున ఉన్న సంగతి వేరు. బాల్బి గారు నడిపిన పాతకాలపు బస్సులలో ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే, ఒక రేకు డొప్ప కింద ఉండేది. ఆ రొద వయసంతా తాగిన చెవులలోంచి పై స్వరాలు ఒకటొకటిగా రాలిపోయాయి. మొదట కంచు తాళాల మోత పోయింది, ఆపైన గిటారు తీగ చివరి మెరుపు పోయింది. పిట్టల కూత ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. అడుగు స్వరాలు మాత్రం మిగిలాయి: డోలు, బేస్ గిటారు, ఎక్కడో తలుపు మూసిన చప్పుడు.

రెండు ప్రతులకూ తేడా తెలియక, ఈ సంగతి క్లబ్బులో చెప్పవలసిన ఆదివారం ఒకటి వచ్చింది. చెప్పబోతుండగానే తెర వెనుకనుంచి ఒక చిన్న శబ్దం ఆయనను ఆదుకొంది. చమురు కరువు రోజులలో ప్లాస్టిక్ పొదుపు చేసి అచ్చువేసిన పాత రికార్డులు అప్పడాలంత పలచన. చక్రం మీద పెడితే చప్పుడుండదు. కొత్త అచ్చులు దిట్టమైనవి. పెట్టగానే "ధబ్" మంటాయి. ఆ ధబ్బును బట్టి తీర్పు చెప్పారు, నెగ్గారు. తరువాతి ఆదివారమూ అంతే. తప్పు మొదటిసారి గుండె కొట్టుకొనేటట్టు చేస్తుంది. పదోసారికి మనతోపాటే కుర్చీ వేసుకొని కూర్చుంటుంది.

అటువంటి రోజులలో హిమేనా ఇబార్రా ఆ క్లబ్బుకు వచ్చింది. ఆమె నెస్తోర్ ఇబార్రా కూతురు. నెస్తోర్ ఆ పేట మనిషే. కుర్రతనంలో మరి ముగ్గురితో కలిసి "ఉప్పు వీధి" అనే ఒకే ఒక ఆల్బమ్ చేసి, బేస్ గిటారు అటకెక్కించి, గొట్టాల పనిలో దిగి, రెండేళ్ళ క్రితం కన్నుమూశాడు. ఆ రోజులలో అతడు స్టూడియోకు వెళ్ళినది బాల్బి గారి బస్సులోనే. గిటారు పెట్టెను ఇంజను డొప్ప మీద పెట్టుకోనిచ్చి, టిక్కెట్టు కొట్టకుండా తీసుకొనిపోయేవారు. అందువల్ల "ఉప్పు వీధి" విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. ధ్వని ముద్రణ విద్య నేర్చిన హిమేనా తండ్రి టేపులు వెతికి తీసి, చాలాకాలం శ్రమించి, మలి అచ్చు సిద్ధం చేసింది. అచ్చు ఇంకా బయటికి రాలేదు. వచ్చినది నమూనా ప్రతి మాత్రమే.

"దోన్ ఎవరిస్తో గారూ, మీరు బాగుందంటేనే అచ్చుకిస్తాను. లేదంటే టేపులు మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాను. అమ్మతో కూడా అదే చెప్పాను" అంది.

"పిల్లా, ఈయన దగ్గర జాలి దొరకదు. పోయిన నెల నేను తెచ్చిన కొత్త రికార్డుని దోసకాయ తొక్కన్నాడు" అంది ఎల్బా, మాతే ఆకుల తేనీటి గిన్నెలో వేడినీళ్ళు పోస్తూ.

"తొక్కని తొక్కంటే తప్పా?" అన్నారు బాల్బి గారు. అందరూ నవ్వారు.

పచానో తెర దించాడు. బాల్బి గారు కళ్ళు మూసుకొని మెడ కాస్త ముందుకు వంచారు. తెర వెనుకనుంచి మొదటి శబ్దం వచ్చింది. ధబ్. బరువైనది. ఇక సందేహమేముంది? పాట సాగుతున్నంతసేపూ ఆయన వినలేదు, చెప్పవలసిన మాటలు కూర్చుకొన్నారు. లోపల బలం తగ్గినకొద్దీ మాటకు పదును పెట్టడం ఆయన ఆ మధ్య నేర్చిన విద్య. పైగా ఎదురుగా ఉన్నది పిల్ల. మెతకగా చెబితే మొహమాటపడ్డాడని అనుకొంటారు.

రెండవ రికార్డు చప్పుడు లేకుండా చక్రం మీదికి దిగింది. ఆయన పెదవుల మీద చిరునవ్వు మొలిచింది.

పాటలు ముగిశాక ఆయన గొంతు సవరించుకొన్నారు. "మొదటిదాంట్లో నెస్తోర్ లేడు. శవానికి స్నానం చేయించి, పౌడరు పూసి, కొత్త కోటు తొడిగినట్టుంది. అంతా శుభ్రమే, ప్రాణం ఒక్కటే లేదు. చేసినవాళ్ళకి చేతులున్నాయేమో గానీ చెవులు లేవు. రెండోది! అదీ నెస్తోరంటే. నా బస్సులో, నా పక్కన కూర్చున్న కుర్రాడు వాడు."

హిమేనా ముఖం మొదట తెల్లబోయింది. ఆపైన ఆమె పచానో వైపు చూసింది. పచానో తెర పక్కకు లాగాడు.

"గురువుగారూ, మొదట వేసింది పాతది. రెండోది ఈ పిల్లది" అన్నాడు.

పాత రికార్డు ఇంకా బల్లమీద ఉంది. వేడికి వంగి, మూకుడులా గుంటపడింది. అది చదునుగా తిరగడానికి పచానో తన కొట్లోని ఇత్తడి తూకపురాయికి నడుమ బెజ్జం పెట్టించి, దాని నెత్తిన దించాడు. ఆ రాయి ఇప్పుడు రికార్డు పక్కనే మెరుస్తూ కూర్చుంది. హిమేనా నమూనాను ఏదో పాత యంత్రం మీద పలచని రేకుగా ఒత్తించుకొచ్చింది. బాల్బి గారికి ఒక్క చూపులో అంతా అర్థమయింది.

ఎల్బా చప్పట్లు చరిచింది. "అబ్బో! చెవి తప్పింది! పళ్ళెం తీసుకోవయ్యా చెవీ!"

"ఆగు ఎల్బా, ఇది తప్పడం కాదు" అన్నాడు పచానో. "ఈ పిల్ల పనితనం అలాంటిది. పాతదానికంటే దీంట్లోనే నెస్తోర్ ఎక్కువున్నాడని చెవే చెప్పింది. దీనికి పళ్ళెం ఎత్తిస్తే పాపం తగుల్తుంది. ఇవాళ నేను తెస్తాను."

హిమేనా లేచి వచ్చి, ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, బాహాటంగా ఏడ్చింది. "నాన్న దొరికాడన్నారు, అదే చాలు. మీరన్న మాటలే రికార్డు అట్ట మీద వేయిస్తాను" అంది.

ఆ చేతుల కింద బాల్బి గారు కొయ్యబొమ్మలా ఉండిపోయారు. ఆ పిల్లను అవమానించబోయి ఆమె తండ్రిని అవమానించారు. నిజానికి ఇద్దరిలో ఎవరినీ వినలేదు. వినని చెవికి వీళ్ళు దండ వేస్తున్నారు. ఎంపనాదాలు వచ్చాయి. ఆయన ఒకటి చేతిలోకి తీసుకొని, చల్లారిపోయేదాకా పట్టుకొనే ఉన్నారు.

ఆ వారంలో ఒక ఉదయం హిమేనా ఫోను చేసింది. చిన్న సందేహం ఒకటి మిగిలిందట, ఆయనే తీర్చాలట. వెళ్ళకుండా ఉండడానికి సాకు వెతికారు గాని, దొరికిన సాకులన్నీ అబద్ధాలే. అబద్ధానికి అబద్ధం అతుకు వేయడం కంటే వెళ్ళడమే నయమనుకొని వెళ్ళారు.

ఆమె స్టూడియో ఒక గరాజు. గోడలకు పాత పరుపులు బిగించారు. హిమేనా మాతే అందించి, కంప్యూటరు ముందు కూర్చుంది.

"మూడో పాట మొదట్లో టేపు బుస ఉంది. బుస తీసేస్తే శుభ్రంగా ఉంటుంది గానీ, దాంతోపాటు మరోటి కూడా పోతుంది. రెండూ వేస్తాను. ఏది ఉంచాలో మీరే చెప్పండి."

మొదటిది వేసింది. నిశ్శబ్దం; తరువాత బేస్ గిటారు. రెండవది వేసింది. నిశ్శబ్దం; తరువాత బేస్ గిటారు. ఇక్కడ చక్రం లేదు, పచానో లేడు, ధబ్బు లేదు. కంప్యూటరు తెర మీద ఏవో గీతలు ఒకే తీరున కదిలాయి.

"రెండోది" అన్నారు.

హిమేనా తల తిప్పి చూసింది. "నిజంగానా? రెండోదాంట్లో నాన్న ఊపిరి లేదు కదండీ. తీగ మీటబోయే ముందు గట్టిగా గాలి పీల్చుకుంటాడు. అది కూడా బుసతో కొట్టుకుపోయింది. నేను దాన్ని ఉంచాలనే అనుకున్నాను." మళ్ళీ తనకు తానే సర్ది చెప్పుకొంది. "పోనీలెండి. కూతుర్ని కదా, నాకు అదే పాటకంటే ఎక్కువనిపిస్తుందేమో. మీరు చెప్పాక ఇంకేముంది." మొదటిదాన్ని చెరిపివేయడానికి ఆమె చేయి ముందుకు సాగింది.

"ఆగమ్మా!"

ఆ కేకకు ఆమె చేయి గాలిలోనే నిలిచింది. బాల్బి గారు మాతే గిన్నెను బల్లమీద పెట్టారు.

"నాకు వినపడదు. ఆ బుసా వినపడదు, ఆ ఊపిరీ వినపడదు. తాళాలు వినపడక చాలా ఏళ్ళయింది."

"మరి ఆ ఆదివారం?"

"రికార్డు పెట్టే చప్పుడు విన్నాను. బరువుగా పడితే కొత్తదని చెప్తూ వచ్చాను. ఆ రోజు పచానో రాయి పడింది."

హిమేనా కుర్చీని ఆయన వైపు మెల్లగా తిప్పింది. ముఖంలో కోపం ఇంకా రాలేదు, లెక్క చూసుకొంటున్నట్టుంది. "అంటే శవానికి పౌడరు పూశారన్నది… చెవుల్లేవన్నది… నాదనుకునే అన్నారు."

"అవును."

"నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని."

"అవును."

"అది విని మా అమ్మకి ఫోన్ చేశాను. మీరు నాన్నని గుర్తుపట్టారని చెప్పాను. ఆవిడ ఆ రాత్రంతా ఆయన మాటలే చెప్పుకుంటూ కూర్చుంది. ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పమంటారు?"

బస్సు నడిపిన కాలంలో దిగవలసిన చోటు దాటిపోయినవారు బాల్బి గారి భుజం తట్టి, ఆపమని బతిమాలేవారు. ఆపడానికి స్టాపు ఉండాలి గదా అని విసుక్కొనేవారు ఆయన. ఇప్పుడు తట్టడానికి ఎదుట భుజం కూడా లేదు.

"ఊపిరి ఉంచుతాను" అంది హిమేనా చివరికి. "మీరు చెప్పినందుకు కాదు. అట్ట మీద మీ మాట ఉండదు. ఇక వెళ్ళండి, నాకు పనుంది." వీధి తలుపుదాకా సాగనంపలేదు.

ఆదివారం వచ్చింది. వెళ్ళకపోతే ఒంట్లో బాగాలేదని అనుకొంటారు, పండ్లు పట్టుకొని చూడ్డానికి వస్తారు. ఆ పరామర్శను ఊహించుకొని ఆయన బయలుదేరారు. గది గుమ్మంలోనే పచానో ఎదురొచ్చి కౌగిలించుకొన్నాడు. "రండి గురువుగారూ!" అన్నాడు. హిమేనా మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదని పచానో కౌగిలి చెప్పింది. బట్టబయలు చేసి తిట్టి ఉంటే తల వంచుకొని నిలబడేవారు. ఆమె మౌనం ఆయనను నిలబడనీయలేదు.

ఎల్బా కుర్చీ లాగి పెట్టింది. "కూర్చోవయ్యా. ఈసారైనా నన్ను గెలవనిస్తావా? పొద్దుట్నించీ మోకాలు సలుపుతోంది."

పచానో తెర దించాడు. బాల్బి గారు కూర్చోలేదు. గోడవారకు నడిచి, మేకుకు తగిలించిన రేకు పళ్ళెం తీసి చంకలో పెట్టుకొన్నారు.

"అరె, ఇంకా ముల్లు కూడా దించలేదు!" అన్నాడు పచానో తెర మీదుగా తల పైకి పెట్టి.

"నేను ఎప్పుడో ఓడిపోయాను, పచానో. మీకే తెలియనివ్వలేదు." ఆపైన, ఆపకుండా, చెవుల సంగతీ ధబ్బు సంగతీ తూకపురాయి సంగతీ చెప్పారు. పోయిన ఆదివారం తానన్న చెడ్డమాట ఈ పిల్లను ఉద్దేశించి అన్నదేనని కూడా చెప్పారు. ఆ ముక్క చెప్పేటప్పుడు హిమేనా వైపు చూడలేకపోయారు.

పచానో తెర చాటునుంచి బయటికి వచ్చి, ముఖం పక్కకు తిప్పుకొన్నాడు. ఎల్బా తన మోకాలు చేత్తో రుద్దుకొంది.

"ఆ వానలో నేను జారిపడిన రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

ఎల్బా చాలాసేపు ఆయనను తేరిపార చూసింది. "అయితే నాకు రెండు మాంసంవి, ఒకటి ఉల్లిపాయా జున్నూ పెట్టింది. వేడిగా ఉండాలి. చల్లారితే మళ్ళీ పంపిస్తాను" అంది. ఆ గొంతులో నవ్వు లేదు.

ఆయన వీధిలోకి వచ్చారు. వస్తున్న సిటీబస్సు ముసలాయనను, పళ్ళేన్ని చూసి ఆగింది. కుర్ర డ్రైవరు దాటమని చేయి ఊపాడు. ఆయన తల ఎత్తకుండానే దాటారు. కొట్లో పొయ్యి ముందు తన వంతు కోసం నిలబడి ఉండగా, రోడ్డు అవతల క్లబ్బు కిటికీలోంచి పాట మొదలైంది. బేస్ గిటారు ఒక్కటే ఆయనదాకా వచ్చింది. అది నెస్తోరేనని పోల్చుకొన్నారు. తొలి అచ్చో మలి అచ్చో మాత్రం తెలియలేదు. రేకు పళ్ళెం రెండు చేతులా పట్టుకొని, కొట్టువాడు పిలిచేదాకా అలాగే నిలబడ్డారు.