కునుకు తీయబోయి చచ్చిన కెర్నెల్

పని ఎక్కువై కూలిపోయిన కంప్యూటర్లను మీరు చూసి ఉంటారు. పని లేక కునుకు తీయబోయి చచ్చినదాన్ని చూసి ఉండరు. నేను చూశాను. ఆ హత్య చేసిందీ నేనే, ఒక ప్రిన్సిపాల్ గారి కళ్లెదుట.

రెండు వేల దశకం మధ్యనాటి మాట. కల్లూరులో ఒక కాలేజీలో నా సహాధ్యాయి మస్తాన్ కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో అందరికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములకు పనులు పంచే పెద్దమనిషి. పిల్లల చేత దాన్ని విప్పించి చూపించే క్లాసు పెట్టాలని వాడి కోరిక. ప్రిన్సిపాల్ మెలిక పెట్టారు: "ఒకసారి నడిపి చూపీ. నడిస్తే క్లాసు. ల్యాకుంటే పిల్లోల్లకు టైపింగ్ నేర్పుకుందువు."

కెర్నెల్ రాయడానికి వాడు నన్ను పిలిచాడు. మనిషిని పుట్టుకతో కొలిచేవాళ్లను వేదికలెక్కి చీల్చి చెండాడే రోజులవి నాకు. అంతటి హేతువాది ప్రాసెసర్ దగ్గర ఏం చేశాడో వినండి. అడిగితే ప్రాసెసర్ రెండు సంగతులు చెబుతుంది: తన వంశమేదో, అంటే ఏ కంపెనీవారి ఏ తరం చిప్పో; తనకు ఏయే విద్యలు వచ్చో. నేను వంశం అడిగి ఊరుకున్నాను. పని లేనప్పుడు కునుకు తీసి, పిలవగానే లేచే విద్య ఆ వంశానికి ఉంది. ఇంకేం కావాలి? పని లేనప్పుడు కునకమని కెర్నెల్‌లో రాసేశాను.

"వస్తాదో రాదో గూడా అడగప్పా," అన్నాడు మస్తాన్.

"ఆ ఇంట్లో పుట్టినోనికి రాకుండా యాడికి పోతాది?" అన్నాను.

నా గదిలోని కంప్యూటర్ మీద కెర్నెల్ హాయిగా కునికింది కూడా.

కాలేజీలో మాత్రం, పిల్లలు అసలు యంత్రాన్ని పాడుచేయకుండా, దాని లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి కల్పించి అందులో నడపమన్నారు. ఆ ఉత్తుత్తిది అసలుదాని వంశాన్నే తన వంశంగా చెప్పుకుంటుంది. కానీ విద్యల సంగతి అడిగితే, "కునుకు నాకు రాదు" అని ఒప్పేసుకుంటుంది. అసలుదాన్ని నిద్రపుచ్చే అధికారం దానికి లేదు మరి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో కునుక్కి చోటు లేదు. అడిగిందెవరు?

కెర్నెల్ లేచింది. తెర మీద అక్షరాలు బారులు తీరాయి. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సర్దుకున్నారు. పంచడానికి పనేమీ లేక అది కునకబోయింది. అంతే, తెలియని ఆదేశమంటూ తెర నిండా అంకెలు కక్కి బిగుసుకుపోయింది.

"ఏమాయె?" అన్నారు ప్రిన్సిపాల్.

"నిద్రపోబోయి చచ్చిపోయింది సార్."

"మా స్టాఫ్ రూములో దినామూ నిద్రపోతాండారు. ఒక్కరూ సావలేదే."

మస్తాన్ ముఖం ఎండాకాలపు తుంగభద్రలా అయింది. "టీ తాగేంత సేపు ఇయ్యండి సార్," అని నా ముందున్న కీబోర్డు లాక్కున్నాడు. "జరుగప్పా. మీటింగుల్లో పుట్టుక చూడొద్దంటావు. ఈడ వంశం చూసి పిల్లనిస్తాండావు."

నా వంశవృక్షం చెరిపేసి, "కునుకు వచ్చా?" అని ప్రాసెసర్‌నే అడిగే వరుస రాశాడు. రాదంటే మామూలుగా ఆగి ఉండమన్నాడు. టీ చల్లారకముందే కెర్నెల్ మళ్లీ లేచింది. పని లేక బుద్ధిగా కూర్చుంది. ఎప్పుడు చస్తుందా అని ప్రిన్సిపాల్ చాలాసేపే చూశారు.

"బాగానే ఉండాది. క్లాసు పెట్టుకో మస్తానూ," అని నా వైపు తిరిగారు. "నువ్వూ వచ్చి చెబుతావా? నీకేమొచ్చప్పా?"

"ఎం.సి.ఏ., ఫస్టు క్లాసు సార్," అన్నాను ఛాతీ విరిచి.

"సార్ అడిగింది అది కాదప్పా," అన్నాడు మస్తాన్.

ఒట్టు వేయడానికి హేతువాదికి దేవుడు లేడు గనక, స్విచ్చుబోర్డు మీద చేయి వేసి ప్రమాణం చేశాను: ఇకపై ఏ ప్రాసెసర్‌నూ వంశం అడగను. ఏమొచ్చో అడుగుతాను, రాదంటే నమ్ముతాను. నన్నెవరైనా అడిగితే డిగ్రీ చెప్పను, ఏమొచ్చో ఆలోచించి చెబుతాను.

ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.