మునిలక్ష్మమ్మ చెప్పిన నిజం

పేరేసంద్ర దగ్గర మా మల్బరీ తోటను ఆనుకొనే మునిలక్ష్మమ్మ అరెకరం. భర్త పోయినప్పటి నుంచి ఒక్కతే పట్టుపురుగులు పెంచుతోంది. గూళ్ళు తానే మార్కెట్టుకు తీసుకుపోతుంది. "మా ఇంట్లో బరువుండే గూడు మీ తక్కెట్లోకి వస్తానే బక్కచిక్కిపోతాదేమప్పా?" అని దళారిని అడిగి పదిమందిలో నవ్విస్తుంది.

పురుగు నాలుగో జ్వరం లేచిందంటే, అంటే చివరిసారి పొర విడిచిందంటే, వారం రోజులు ఆపకుండా తింటుంది. ఆ వారంలో ఎవరికైనా ఆకు చాలకపోతే పక్క తోటవాళ్ళు కోసి ఇస్తారు. దానికి వెల అడగరు, ఇవ్వరు. ఒక ఎండాకాలం ఆమె బోరు ఎండిపోతే మా ఆయన దేవరాజ్ ఐదు రోజులు ఆకు కోసి ఆమె షెడ్డు ముందు వేసి వచ్చాడు.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన కిడ్నీలు రెండూ చెడిపోయాయి. నాది ఇద్దామంటే నాకు సుగర్. బంధువుల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క అడ్డం వచ్చింది. డయాలసిస్ కోసం చిక్కబళ్ళాపురకు తిరుగుతున్న రోజుల్లో మునిలక్ష్మమ్మ వచ్చి మా గడప దగ్గర కూర్చుంది.

"వదినా, ఒకటి నేనిస్తా అన్నకు. రెండుండాయి కదా నాకు."

"పిచ్చి మాటలు మాట్లాడొద్దు."

"పిచ్చేముండాది? నా పురుగులు ఆకలితో ఉన్నప్పుడు అన్న లెక్క చూసినాడా?"

ఆయన చూడలేదు. నేను చూశాను. జన్మంతా ఈమె ముందు తల వంచుకొని తిరగాలా అనిపించింది. మూడు లక్షలిస్తాను, షెడ్డుకు కొత్త రేకులు వేసుకో అన్నాను.



"నేను అడగలేదు కదా వదినా."

"అడక్కపోయినా తీసుకో. లేకుంటే నాకు నిద్ర పట్టదు."

"నీ నిద్ర కోసమైతే అట్లే కానీలే," అంది.

పరీక్షలన్నీ కుదిరాయి. రక్తసంబంధం లేదు కాబట్టి బెంగళూరులో ఒక కమిటీ ఒప్పుకోవాలి. ప్రేమతోనే ఇవ్వాలి, డబ్బు మాట ఉండకూడదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. అప్పుడైనా ఆ మూడు లక్షల మాట వెనక్కి తీసుకోలేదు. బస్సులో ఆమె చెవిలో, "దుడ్డు సంగతి అడిగితే లేదని చెప్పు," అన్నాను. ఆమె తలూపింది. ముందు సీట్లో కూర్చున్న మా ఆయనకు ఇదేమీ తెలియదు.

కమిటీలో పెద్దాయన కన్నడంలో మెల్లగా అడిగాడు, వీళ్ళు డబ్బేమైనా ఇస్తామన్నారా అని. ఆమె ఒకసారి నా వైపు చూసింది. తర్వాత ఆయనకు కన్నడంలోనే చెప్పింది. అన్నారు సార్, నేనడగలేదు, వదినే మనసు ఊరుకోక ఇస్తాననింది అని.

అంతా చెప్పేస్తే అర్థం చేసుకుంటారనుకుంది. మా అర్జీ అక్కడితో ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయన ఒకే మాట అన్నాడు. "ఆకుకు ఆమె దగ్గర నేను దుడ్డు తీసుకున్నానా?" తర్వాత ఏడు నెలలు బతికాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆయన పదకొండో రోజున మునిలక్ష్మమ్మ నా చేతులు పట్టుకొని ఏడ్చింది. "లేదని ఒక్క మాట చెప్పింటే అన్న బతికుండేవాడు. నా నోరే చంపింది వదినా."

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. నేను డబ్బు మాట ఎత్తకపోయి ఉంటే ఆమె లేదని చెప్పడమే నిజమయ్యేది. చుట్టూ బంధువులు ఉన్నారు. "పోనీలే, ఊరుకో," అన్నాను. క్షమించినదానిలా భుజం కూడా తట్టాను.

మూడేళ్ళయింది. ఇప్పటికీ ఆయన ఫోటో ముందు నిలబడితే ఆమె తల ఎత్తదు. షెడ్డు మీద పాత రేకులే ఉన్నాయి. ఆమె బడిలో చదివింది కన్నడం, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. నేను ఇదంతా తెలుగులో రాయడం అందుకు కాదని చెప్పలేను.